రాజు మారితే ఖాతా మారుతుందా?

సాహిత్య పత్రికలో వీడియో ఆట గురించి రాయడమేమిటని కొందరు మిత్రులు నొసలు చిట్లించవచ్చు. నాటకాన్నీ, సినిమానూ, చివరికి టీవీ సీరియల్‌నూ విమర్శకు పెట్టినవాళ్ళం. మన ఇళ్ళలో పిల్లలు అర్ధరాత్రి దాకా కూర్చుని చరిత్రతో ఆడుకుంటున్న చోటును మాత్రం ఎందుకు వదిలెయ్యాలి? అశోకుడు, చోళులు, మొగలులు నేడు పాఠ్యపుస్తకంలోనే కాదు, కంప్యూటర్ తెర మీద కూడా ఉన్నారు. ఆ తెర ఏం చెబుతోందో చూడడం కూడా విమర్శకుడి పనే అనుకుంటాను. నేను కామర్సు చదివి బ్యాంకులో చేరినవాణ్ణి, చరిత్రకారుణ్ణి కాను. కనుక లెక్కల మనిషి చూపుతోనే చూస్తాను.

సంగతి తెలియని పాఠకుల కోసం రెండు మాటలు. ‘సివిలైజేషన్’ అనేది సిడ్ మయర్, బ్రూస్ షెల్లీ కలిసి రూపొందించగా 1991లో వచ్చిన ఆట. క్రీస్తుపూర్వం 4000లో ఒక చిన్న గుంపుతో మొదలుపెట్టి, ఊరు కట్టి, రాత, నాణెం, ఆవిరి యంత్రం ఒక్కొక్కటే సంపాదించుకుంటూ అంతరిక్షం దాకా పోవాలి. చదరంగంలాగా వంతుల వారీగా సాగుతుంది. కాకపోతే ఒక్క ఆట ముగియడానికి గంటలూ రోజులూ పడుతుంది. అందులో భారతదేశాన్ని ఎంచుకుంటే నాయకుడు గాంధీ. క్రీస్తుకు నాలుగు వేల ఏళ్ళ ముందు కూడా గాంధీయే, అణుబాంబు తయారయ్యే నాటికీ గాంధీయే! ఒక తప్పుడు లెక్క వల్ల ఆ గాంధీ అణుబాంబులు వేసేవాడని ఓ కథ ప్రపంచమంతా ప్రచారమైంది. అలాంటి లెక్క తప్పేదీ లేదని మయర్ 2020లో వెలువరించిన తన జ్ఞాపకాల పుస్తకంలో తేల్చేశాడు. అయినా కథ ఆగలేదు. అచ్చయిన సవరణ కంటే నోటి మాటకు కాళ్ళెక్కువ.

ఆరువేల ఏళ్ళు బతికే నాయకుడు వింతే. కాని ఆటగాళ్ళు ఆ వింతకు అలవాటు పడిపోయారు. దేశం ఒకటి, దానికి ముఖం ఒకటి. ముప్పై ఏళ్ళు అలాగే నడిచింది. 2021లో ‘హ్యూమన్‌కైండ్’ అనే మరో ఆట ఈ పద్ధతిని తిరగేసింది. అందులో యుగం మారినప్పుడల్లా సంస్కృతి మార్చుకోవచ్చు. నిన్నటి హరప్పా ప్రజలు ఇవాళ రోమనులు, రేపు మొగలులు. కావాలంటే మారకుండా పాత సంస్కృతిలోనే ఉండిపోయే వీలు కూడా ఇచ్చారు. తర్వాత 2025 ఫిబ్రవరిలో విడుదలైన ‘సివిలైజేషన్’ ఏడవ ఆట దాదాపు అదే బాట పట్టింది. ఆటను ప్రాచీన యుగం, అన్వేషణ యుగం, ఆధునిక యుగం అని మూడు ముక్కలు చేశారు. యుగం మారే ముందు ఒక సంక్షోభం వస్తుంది. అది దాటాక మీ నాయకుడు అలాగే ఉంటాడు, నాగరికత మాత్రం మారిపోతుంది. మన దేశానికి వాళ్ళు వేసిన దారి: మౌర్యులు, ఆపైన చోళులు, ఆపైన మొగలులు. అశోకుణ్ణి ఎంచుకున్నవాడు అశోకుడుగానే చోళ నౌకలు నడుపుతాడు, అశోకుడుగానే మొగలు కోటలో కూర్చుంటాడు.

ఆటగాళ్ళలో చాలామందికి ఇది మింగుడు పడలేదు. మార్చదలిస్తే నాయకుణ్ణి మార్చండి, నాగరికతను ఉండనివ్వండి అన్నది వాళ్ళ మాట. యుగానికో రాజు రావడం లోకసహజం గదా, ప్రజలే మారిపోవడం ఏమిటి? ఈ గోల విని, ఒకే నాగరికతతో చివరిదాకా ఆడే వీలు కల్పించే పనిలో ఉన్నామని 2025లోనే సంస్థవారు చెప్పుకోవలసి వచ్చింది. తయారీదారుల వాదన కూడా కొట్టిపారేయదగ్గది కాదు. చరిత్ర పొరలు పొరలుగా పేరుకుంటుంది, ఒక నగరం కింద మరో నగరం ఉంటుంది, లండనులో రోమనుల పొర మీద తర్వాతివాళ్ళ పొరలున్నాయి అంటారు వాళ్ళు. అదీకాక పాత పద్ధతిలో మొదటి వంద వంతుల్లో ముందుకు పోయినవాడే చివరికి గెలుస్తాడు. మిగతా ఆటంతా లాంఛనం. మధ్యలో లెక్కలు సరిచేసి అందరినీ మళ్ళీ దగ్గర దగ్గరగా నిలబెట్టాలనుకున్నారు.

లెక్కలు సరిచేయడం అన్నారు గనక నేను నోరు తెరవవచ్చు. కామర్సు చదివే పిల్లలకు మొదటి ఏడాదే చెప్పే పాఠం ఒకటుంది. ఖాతాలు మూడు రకాలు. వ్యక్తిగత ఖాతాలు, వాస్తవిక ఖాతాలు, నామమాత్రపు ఖాతాలు. సంవత్సరాంతంలో జీతాలు, అద్దెలు, వడ్డీల వంటి నామమాత్రపు ఖాతాలను లాభనష్టాల ఖాతాలోకి మళ్ళించి మూసేస్తారు. భూమి, భవనం, యంత్రం, రావలసిన బాకీ, ఇవ్వవలసిన అప్పు మాత్రం ముగింపు నిల్వతో ఆగి, మర్నాడు అదే అంకెతో ప్రారంభ నిల్వగా లేస్తాయి. ఏ ఖాతా మూయాలో ఏది ముందుకు తేవాలో తెలియని గుమాస్తా ఎంత కష్టపడి కూడినా ఆస్తి అప్పుల పట్టీ తప్పే.

ఏడవ ఆట చేసిన పని ఇదే. రాజును ఆస్తిగా చూపి ముందుకు తెచ్చింది. ప్రజల పేరునూ నడవడినీ ఆ ఏటి ఖర్చుగా రాసి మూసేసింది. మొదట విడుదలైన రూపంలో యుగం మారగానే యుద్ధాలన్నీ ఒక్కసారి ఆగిపోతాయి, నగరాల్లో చాలావాటి హోదా పట్టణాలకు దిగిపోతుంది, సైన్యంలో కొంత మాయమవుతుంది. ప్రపంచమంతా ఒకే రోజున మార్చి 31 జరుపుకున్నట్టు ఉంటుంది! నా లెక్కలో ఇది తిరగబడిన పద్దు. రాజు ఆదాయ వ్యయాల ఖాతాలోవాడు. ఆయన కీర్తీ ఆయన దండయాత్రా ఆయనతోనే ముగుస్తాయి. ఊరు, చెరువు, మాట, వృత్తి ఇవి ఆస్తులు. న్యాయంగా చెప్పాలంటే ఆట ఈ రెండో వరుసను పూర్తిగా మరచిపోలేదు. పాత నాగరికత నుంచి ‘సంప్రదాయాలు’ కొన్నింటిని కొత్త యుగంలోకి వెంట తీసుకుపోనిస్తుంది. కాని వాటిని పెట్టెలో అట్టముక్కల్లా దాచిపెట్టి, కావలసినప్పుడు బయటికి తీయమంటుంది. భాష అట్టముక్క కాదు.

అశోకుడు చోళులకు నాయకుడవడంలో ఇంకో విడ్డూరం ఉంది. కర్నూలు జిల్లా ఎర్రగుడి బండల మీద అశోకుడి శాసనాలున్నాయి. ఆయన ధర్మశాసనాల్లో రెండవదానిలోనూ పదమూడవదానిలోనూ చోళుల పేరు, పాండ్యుల పేరు వస్తాయి. ఎలా వస్తాయి? తన సరిహద్దులకు అవతల ఉన్నవాళ్ళుగా. పదమూడవ శాసనంలో ఆంధ్రులను మాత్రం తన ఏలుబడిలోని జనాల వరుసలో చెప్పాడు. తన రాజ్యం బయట అని తానే రాయించిన జనానికి, ఎన్నో వందల ఏళ్ళ తర్వాత ఆయన్నే తీసుకుపోయి కూర్చోబెట్టారు. ఆటలో తర్కం చూడకూడదంటారు. అన్ని వందల ఏళ్ళు బతికినవాడికి ఆ మాత్రం బదిలీ రాదా అనీ అనవచ్చు.

మా అక్క కొడుకు ఈ ఆట ఆడతాడు. నాకు నేర్పింది కూడా వాడే. పుట్టి పెరిగింది మనలిలో. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం, ఇంగ్లీషు. 2006 నాటి చట్టంతో బడుల్లో తమిళం తప్పనిసరి అయ్యాక చదువుకున్న తరం వాడిది. తెలుగు అక్షరాలు కూడబలుక్కుంటాడు. మణిరత్నం తీసిన ‘పొన్నియిన్ సెల్వన్’ చూసిన దగ్గర్నుంచి వాడికి చోళులంటే వల్లమాలిన అభిమానం. ఆటలో చోళుల వంతు వచ్చిన రోజున వాడు నన్ను అడిగిన ప్రశ్న ఇది: “మామయ్యా, మనం తెలుగువాళ్ళం కదా, చోళులు మనవాళ్ళా, పైవాళ్ళా?”

దీనికి జవాబు ఆ ఆటలో లేదు, ఆట మీద వచ్చిన విమర్శల్లోనూ లేదు. నాయకుడు మారాలా, నాగరికత మారాలా అని కొట్టుకునేవాళ్ళిద్దరూ వినవలసిన మనిషి ఒకడున్నాడు. నన్నయ చేత భారతం తెలుగు చేయించిన రాజరాజ నరేంద్రుడి కొడుకు. తల్లి అమ్మంగదేవి, రాజేంద్ర చోళుడి కూతురు. నాయనమ్మ కుందవ్వ, ఆవిడా రాజరాజ చోళుడి కూతురే. తాత పేరే పెట్టుకున్న ఈ రాజేంద్రుడికి తండ్రి పోయాక వేంగి సింహాసనం దక్కలేదు, పినతండ్రి విజయాదిత్యుడు ఎక్కి కూర్చున్నాడు. 1070లో చోళ రాజ్యంలో అధిరాజేంద్రుడు చనిపోయి గద్దె ఖాళీ అయింది. వేంగి చాళుక్య కుమారుడు పోయి చోళ చక్రవర్తి అయ్యాడు. ఆయనే మొదటి కులోత్తుంగుడు. అర్ధ శతాబ్దం ఏలాడు. సుంకాలు ఎత్తివేసినవాడని తమిళులు ఆయన్ను ‘సుంగం తవిర్త’ చోళుడన్నారు. బ్యాంకువాణ్ణి గనక ఈ బిరుదు నాకు ఏ దండయాత్ర కన్నా గొప్పగా కనిపిస్తుంది. 1077లో చోళ దేశం నుంచి డెబ్బయ్ ఇద్దరు బృందంగా చైనాకు వెళ్ళారంటే అది ఈయన కాలమే. ఆయన సేనాని కరుణాకర తొండైమాన్ కళింగ మీద చేసిన యుద్ధాన్ని జయంకొండార్ ‘కళింగత్తుప్పరణి’గా పాడాడు.

చూడండి, నాయకుడు అలాగే ఉండి నాగరికత మారడం అంటే ఇదే. ఏడవ ఆట పద్ధతి అచ్చంగా అతికే మనిషి మన చరిత్రలోనే ఉన్నాడు. కాని తేడా ఎక్కడుందంటే, కులోత్తుంగుడు పాత ఖాతా మూసి కొత్తది తెరవలేదు. తెలుగు నేల మీది శాసనాల్లో విష్ణువర్ధనుడనే చాళుక్య నామం నడిచింది, కావేరి ఒడ్డున కులోత్తుంగ చోళుడనే పేరు నడిచింది. వేంగికి కొడుకులను ఒకరి తర్వాత ఒకరిని రాజప్రతినిధులుగా పంపుతూ వచ్చాడు. 1118 ప్రాంతంలో విక్రమ చోళుణ్ణి దక్షిణానికి రప్పించుకున్నాకే వేంగి పట్టు సడలింది. ఒకే మనిషి రెండు ఊళ్ళలో రెండు పేర్ల మీద ఖాతాలు నడిపాడు, రెండూ చెల్లుబాటయ్యాయి. ఆటలో ఆ వీలు లేదు. చోళుడివైన క్షణం నుంచి మౌర్యుడివి కావు. మావాడికి ఇదంతా చెబితే, “అయితే రెండూ మనమే” అన్నాడు తేలిగ్గా. ఈ వయసు పిల్లలు మనకన్నా తొందరగా ఒప్పుకుంటారు ఇలాంటివి.

కులోత్తుంగుడి కథ నాయకుడు నిలిచిన కథ. నాయకులు మారినా నిలిచిన కథ తంజావూరిది. అచ్యుతప్ప, రఘునాథ, విజయరాఘవ నాయకుల కాలంలో అది తెలుగు కొలువు. విజయరాఘవుడు తానే యక్షగానాలు రాశాడు, రంగాజమ్మ ఆ కొలువులో కవయిత్రి. 1673లో మధుర నాయకుల సేనతో పోరాడి విజయరాఘవుడు పడిపోయాడు. ఆ తర్వాత కొద్ది కాలానికే శివాజీ తమ్ముడు ఏకోజీ వచ్చి తంజావూరు పట్టుకున్నాడు. ఆట లెక్క ప్రకారం ఇక్కడ యుగం మారింది, సంక్షోభం వచ్చింది, నాగరికత మారాలి. తెర మీద ‘మరాఠా’ అని పడాలి, తెలుగు పెట్టెలోకి పోవాలి. జరిగిందేమిటి? ఏకోజీ కొడుకు శాహజీ 1684 నుంచి 1712 దాకా ఏలుతూ తెలుగులో యక్షగానాలు రాశాడు. తల్లి భాష మరాఠీ, ప్రజల భాష తమిళం, రాసింది తెలుగు. ప్రతాపసింహుడి కొలువులో ముద్దుపళని ‘రాధికా సాంత్వనం’ రాసింది. 1799లో పరిపాలన కంపెనీ చేతికి పోయింది. తిరువైయారులో త్యాగయ్య తెలుగులో పాడుతూనే ఉన్నాడు, 1847 దాకా. 1855లో వారసుడు లేడని ఆ సంస్థానమే ఎత్తేశారు. అయినా మెలట్టూరులో నరసింహ జయంతికి భాగవతమేళ కళాకారులు తెలుగు నాటకాలు ఆడడం మానలేదు. యజమాని నాలుగుసార్లు మారాడు. వ్యాపారం పేరు కూడా మారింది. సరుకు మారలేదు.

ఇక్కడ నాయకుణ్ణి మార్చమనేవాళ్ళ వాదం కూడా కొంచెం నలుగుతుంది. వాళ్ళు కోరేది ‘భారతదేశం’ అనే ఒక పెట్టె, దానిలో యుగానికో బొమ్మ: అశోకుడు, రాజేంద్రుడు, అక్బరు. తంజావూరు ఏ పెట్టెలోకి వస్తుంది? తమిళ పెట్టెలోకా, తెలుగు పెట్టెలోకా, మరాఠా పెట్టెలోకా? పాత ఆటల్లో గాంధీ ఆరువేల ఏళ్ళు బతికినంత అసహజమే, ఒక జాతి పేరు ఆరువేల ఏళ్ళు గీత చెదరకుండా ఉండడం కూడా. అయినా రెండు తప్పుల్లో ఏది చిన్నదంటే నాయకుణ్ణి మార్చడమే చిన్నదంటాను. ‘ఓల్డ్ వరల్డ్’ అని ఇంకో ఆట ఉంది. ‘సివిలైజేషన్’ నాలుగవదాన్ని రూపొందించిన సోరెన్ జాన్సన్ దాని రూపకర్త. అందులో ఒక వంతు ఒక ఏడాది. రాజు ముసలివాడై చనిపోతాడు, వారసుడొస్తాడు, గొప్ప కుటుంబాలు అలుగుతాయి, వాళ్ళను బుజ్జగించాలి. దాని కథ ప్రాచీన కాలంతోనే ఆగిపోతుంది గాని, రాజు పోయినా రాజ్యం మర్నాడు పొద్దున తలుపు తీయాలన్న మామూలు నిజం దానికి తెలుసు.

మర్నాడు పొద్దున తలుపు తీయడం ఎలా ఉంటుందో చెప్పే రాయి ఒకటి మోటుపల్లిలో ఉంది. చీరాలకు దిగువన సముద్రం ఒడ్డు ఊరది. అంతకు ముందు రాజులు, గాలివానకు తమ ఒడ్డున చిక్కిన పరదేశి ఓడల సరుకు లాక్కునేవాళ్ళు. 1244లో కాకతీయ గణపతిదేవుడు అక్కడ అభయశాసనం వేయించాడు. ప్రాణం కన్నా ధనం మీద ఆశతో సముద్రం దాటివచ్చేవాళ్ళ సరుకు ముట్టబోమని, నిర్ణయించిన సుంకం మాత్రమే తీసుకుంటామని మాట ఇచ్చాడు. ఎగుమతికీ దిగుమతికీ ముప్పయ్యోవంతు. 1323లో ఓరుగల్లు పడిపోయింది. సంక్షోభమంటే అంతకు మించింది ఏముంటుంది? ఆ మాట ఇచ్చిన వంశమే లేదు. 1358లో రెడ్డిరాజు అనపోతారెడ్డి అదే మోటుపల్లిలో వర్తకులకు మళ్ళీ హామీ శాసనం వేయించాడు, తెలుగుతో పాటు తమిళంలో కూడా. ఓడలు ఎక్కడెక్కడివాళ్ళవో ఆయనకు తెలుసు, హామీ చదువుకోవలసినవాడికి అర్థం కావాలనీ తెలుసు. మా భాషలో చెప్పాలంటే పాత యాజమాన్యం రాసిచ్చిన పత్రాన్ని కొత్త యాజమాన్యం తన తలమీద వేసుకుంది. ఈ మధ్య 114 ఏళ్ళు. ఇన్నాళ్ళూ అక్కడ నిలిచింది రాజూ కాదు, వంశమూ కాదు. రేవు, దాని నమ్మకం. ఇలాంటిదానికి ఆటలో గడి లేదు.

ఉద్యోగ జీవితంలో నాకు ఎదురైన యుగాంతం 2020 ఏప్రిల్ 1న వచ్చింది. 1923లో భోగరాజు పట్టాభి సీతారామయ్య బందరులో పెట్టిన ఆంధ్రా బ్యాంకు ఆ రోజున యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది. నిల్వ ఎవరిదీ ఒక్క పైసా తగ్గలేదు. పాసుపుస్తకం అట్ట మీది పేరు పోయింది. మదరాసులో ఆ బోర్డు చూసి లోపలికి వెళ్ళి తెలుగులో పలకరించే పెద్దవాళ్ళను నేనెరుగుదును. అది ఏ ఖాతా కింద రాయాలో నాకు తెలియదు. ఆస్తి అప్పుల పట్టీలో ‘గుడ్‌విల్’ అని ఒక వరుస ఉంటుంది, బహుశా అక్కడ.

రాష్ట్రేతరులమైన మనకు ఇది ఆట విషయం మాత్రమే కాదు. మా మనలి సంగతే తీసుకోండి. చెంగల్పట్టు జిల్లా, 1997 నుంచి తిరువళ్ళూరు జిల్లా, 2011లో చెన్నై కార్పొరేషన్. 1965లో పెట్టిన మద్రాస్ రిఫైనరీస్ 2000లో చెన్నై పెట్రోలియం అయింది. గొట్టం మీద మంట అదే, వాసనా అదే. దామెర్ల వెంకటప్ప నాయకుడు 1639లో తీరం మీది నేల కంపెనీకి ఇచ్చినప్పుడు, ఆయన తండ్రి చెన్నప్ప పేర చెన్నపట్నమైంది. తర్వాత మదరాసు, 1996లో మళ్ళీ చెన్నై. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఇటు నుంచి విడిపోయినప్పుడు మన పెద్దలు ఊరు కదల్లేదు, రాష్ట్రం వాళ్ళ మీంచి కదిలిపోయింది. ఆట నియమం ప్రకారం ఆ రోజుకు మనం తర్వాతి నాగరికత అయిపోయి ఉండాలి. నాయకులు మారారు, గీతలు మారాయి, ఇంట్లో అన్నం వడ్డించేటప్పటి మాట మారలేదు. ఈ తరంతో మారుతుందేమో అన్న భయం మాత్రం నాకుంది. మావాడు ఆటలో కొత్త యుగం మొదలవగానే పాత సంప్రదాయాల పెట్టె ఒకసారి తెరిచి చూసి మూసేస్తాడు, కొత్త వాటిలో లాభం ఎక్కువ మరి. వాణ్ణి తప్పు పట్టలేను. ఆట అలా ఆడమంటోంది.

ఒకచోట మాత్రం ఈ ఆట రూపకర్తలు నన్ను ఆశ్చర్యపరిచారు. చోళుల వంతు వచ్చినప్పుడు కట్టగలిగే కట్టడాల్లో మణిగ్రామం, అంజువణ్ణం అని రెండున్నాయి. రెండూ వర్తక సంఘాల పేర్లు. ఒకేచోట కడితే ‘ఐదువందల ప్రభువులు’ అనే పేట ఏర్పడుతుంది. ఆ అయిదు వందల వర్తకుల సంఘం ఐహొళె నుంచి మొదలై, కన్నడ, తెలుగు, తమిళ దేశాలన్నిటా శాసనాలు వేయించింది. కులోత్తుంగుడి కాలంలోనే, 1088లో, సుమత్రాలోని లోబు తువాలో ఆ సంఘం తమిళ శాసనం నిలిపింది. ఆటలో అది చోళుల సొంత కట్టడమని రాశారు. అది తప్పు, ఏ ఒక్క రాజుకూ చెందని సంఘమది. కాని దాన్ని యుగాలతో పాతబడని కట్టడాల జాబితాలో వేశారు. మావాడు మొగలుల యుగానికి వచ్చాక నేను వెతికి చూశాను. చోళుల పేరు పోయింది, సైన్యం వేషం మారింది. ఊరి మధ్యన ఆ రెండు అంగళ్ళూ అలాగే ఉన్నాయి, వంతు వంతుకూ బంగారం జమ అవుతూనే ఉంది.